ఏ దేశానికి అమ్మాలి? ముందు తిరుగు పార్శిల్ ఖర్చు లెక్కేసుకోండి

మా వదిన శ్రీకాళహస్తిలో కలంకారీ వేస్తుంది. నేను తిరుపతిలో ఉంటూ ఆ బట్టలకు ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టడం, పార్శిళ్లు కట్టి పంపడం చూసుకుంటాను. విదేశాలకు పంపడం మొదలుపెట్టిన కొత్తలో మేము చూసింది ఒక్కటే, ఏ దేశంలో మంచి ధర వస్తుందని. పంపిన సరుకు తిరిగొస్తే ఏమవుతుందో అసలు ఆలోచించలేదు.

మూడేళ్ల కిందట జర్మనీ నుంచి ఒకామె చున్నీ కొన్నది. ధర 4,200 రూపాయలు, పార్శిల్ ఖర్చు 2,300. అందిన ఏడు వారాలకు మెయిల్ పెట్టింది. రంగు తను అనుకున్నట్టు లేదట, వెనక్కి పంపేస్తానంది. చున్నీ డబ్బుతో పాటు మొదట తీసుకున్న పార్శిల్ ఖర్చు కూడా ఇవ్వాలి, తిప్పి పంపే ఖర్చు కూడా మీరే పెట్టుకోవాలి అని రాసింది. ఏడు వారాలు ఇంట్లో పెట్టుకుని ఇప్పుడు వద్దంటుందేమిటని నాకు చాలా కోపం వచ్చింది. రెండు రోజులు జవాబే ఇవ్వలేదు. తర్వాత కూర్చుని అక్కడి చట్టం చదివితే, ఆమె అడిగిన ప్రతిదీ న్యాయమే అని తేలింది. మా పేజీలో వాపసు గురించి ఒక్క మాట లేదు, కాబట్టి వద్దనడానికి ఆమెకున్న గడువు ఏడాది పెరిగింది. తిరుగు ఖర్చు కొన్నవాళ్లదే అని మేము చెప్పలేదు, కాబట్టి అది మా నెత్తిన పడింది.

అక్కడితో అయిపోలేదు. పంపేటప్పుడు కాగితం మీద నేను 'గిఫ్ట్' అని రాశాను. ఎగుమతి చేసినట్టు నమోదు లేదు. దాంతో తిరిగొచ్చిన పార్శిల్ కొత్తగా దిగుమతైన సరుకు కింద లెక్కకొచ్చింది. 1,700 కట్టి మా చున్నీని మేమే విడిపించుకున్నాం. విప్పి చూస్తే మడత చెదరలేదు, బట్టకు పట్టించిన కరక్కాయ వాసన అలాగే ఉంది. పోనూ రానూ అయిన ఖర్చు ఆ చున్నీ ధరను దాటింది.

అప్పటి నుంచి నాకు తెలిసినవాళ్లు ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను. కలంకారీ అయినా, వెంకటగిరి చీరలైనా, మాధవమాల చెక్క బొమ్మలైనా, దేశాన్ని ధర చూసి కాదు, తిరుగు దారి చూసి ఎంచుకోండి. ఏ దేశం మనలాంటి చిన్న అంగడికి తగుతుందో, ఏది ఇప్పుడే వద్దో నా లెక్క ప్రకారం రాస్తున్నాను.

నచ్చక తిప్పి పంపడం వేరు, పాడై తిప్పి పంపడం వేరు

ఈ తేడా పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. వస్తువు బాగానే ఉంది కానీ మనసు మారింది, అది ఒక రకం. చిరిగి వచ్చింది, ఫోటోలో చూపిన రంగు కాదు, చెప్పిన కొలత లేదు, అది రెండో రకం. రెండో రకంలో డబ్బు తిరిగివ్వడమో మార్చివ్వడమో దాదాపు అన్ని దేశాల్లోనూ తప్పదు. మన దేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు కూడా లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని అనకూడదనే చెబుతాయి. మొదటి రకానికి మాత్రం మన దగ్గర చట్టం పట్టుబట్టదు, అమ్మేవాళ్ల నియమాన్ని బట్టి నడుస్తుంది. మనం ఆ అలవాటుతోనే విదేశాలకు అమ్మబోతాం. చిక్కు అక్కడే వస్తుంది.

నేను తిరుపతిలో ఉన్నాను, జర్మనీ చట్టం నన్నేం చేస్తుంది అని చాలామంది అంటారు. ఒక దేశం వాళ్లకు అమ్మాలని చూస్తూ, అక్కడి కరెన్సీలో ధర పెట్టి, అక్కడికి పంపుతామని రాసుకుంటే, ఆ దేశం కొనుగోలుదారుకిచ్చిన రక్షణ మన అమ్మకానికీ వర్తిస్తుందనేది యూరప్ పద్ధతి. చున్నీ కోసం ఎవరూ ఇక్కడికొచ్చి కేసు వేయకపోవచ్చు. కానీ డబ్బు మన చేతికి వచ్చేది అమ్మకాల సైటు ద్వారానో, కార్డు ద్వారానో, పేపాల్ ద్వారానో కదా. వాళ్లు కొన్నవాళ్ల మాట విని డబ్బు వెనక్కి లాగేస్తారు. పేపాల్‌లో డబ్బు కట్టిన 180 రోజుల దాకా ఫిర్యాదు చేయవచ్చు. కార్డుల్లో చాలా సందర్భాలకు 120 రోజులు. చట్టం మన గడప దాకా రాకపోయినా దాని ఫలితం మన ఖాతాలోకి వస్తుంది.

యూరోపియన్ యూనియన్: హక్కులన్నీ కొన్నవాళ్లవే

27 దేశాలకూ ఒకే మూల నియమం, 2014 జూన్ 13 నుంచి అమల్లో ఉంది. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు వస్తువు అందిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే వద్దనవచ్చు. అలా చెప్పాక వెనక్కి పంపడానికి ఇంకో 14 రోజులు ఉంటాయి. మనం వస్తువు ధరతో పాటు మొదట తీసుకున్న మామూలు పార్శిల్ ఖర్చు కూడా ఇవ్వాలి. వాళ్లు త్వరగా కావాలని ఎక్స్‌ప్రెస్ ఎంచుకుని ఉంటే ఆ పై తేడా మాత్రం ఇవ్వక్కర్లేదు. వాళ్లు వద్దని చెప్పిన 14 రోజుల్లోపు డబ్బు వెళ్లాలి. అయితే సరుకు మన చేతికి వచ్చేదాకానో, పంపినట్టు రసీదు చూపేదాకానో, ఏది ముందైతే అప్పటిదాకా ఆపుకునే వీలుంది.

తిప్పి పంపే ఖర్చు వాళ్లదే, కానీ ఆ మాట మనం ముందే చెప్పి ఉండాలి. అసలు ఈ 14 రోజుల హక్కు గురించే చెప్పకపోతే గడువు మరో 12 నెలలు పెరుగుతుంది. మేము దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. పేజీలో నాలుగు వాక్యాలు రాసి ఉంటే ఆ ఏడు వారాల మెయిల్‌కు చట్టబలమే ఉండేది కాదు.

లోపాల విషయానికొస్తే, అక్కడ రెండేళ్ల చట్టబద్ధమైన హామీ ఉంది. సహజ రంగులతో పని చేసేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. కసింతో వేసిన నలుపు, చవలకొడి ఎరుపు, నీలి, ఇవి ఎండకూ ఉతుకుకూ కొంచెం కొంచెం తగ్గుతాయి. మనకు అది బట్ట స్వభావం, అక్కడివాళ్లకు లోపంలా కనబడుతుంది. అందుకే రంగు తగ్గుతుందనీ, ఎలా ఉతకాలనీ కొనకముందే చెప్పి, వాళ్లు ఒప్పుకున్నట్టు మెయిల్ తీసుకోవడం మేలు.

వాపసు ఒక్కటే కాదు, ఇంకో రెండు మెట్లు కూడా ఉన్నాయి. 2024 డిసెంబర్ 13 నుంచి అక్కడ అమ్మే సాధారణ వినియోగ వస్తువులకు యూనియన్‌లోనే ఉన్న ఒక బాధ్యుడి పేరు, చిరునామా చూపాలి. ఆ పని చేసిపెట్టే సంస్థలు ఏటా డబ్బు తీసుకుంటాయి. జర్మనీకి అమ్మితే మనం వాడే ప్యాకింగ్ సామగ్రిని అక్కడి రిజిస్టర్‌లో నమోదు కూడా చేయించాలి, మొదటి పార్శిల్ నుంచే. నెలకు రెండు మూడు చున్నీలు అమ్ముకునే ఇంటికి ఈ ఖర్చు గిట్టదని నా అభిప్రాయం.

బ్రిటన్: నియమం అదే, దారి కొంచెం సులువు

అక్కడా 14 రోజులే, చెప్పకపోతే 12 నెలలు పెరగడమూ అంతే. దానికి తోడు, లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వద్దని పూర్తి డబ్బు అడిగే హక్కు 2015 చట్టం ఇచ్చింది. 2021 జనవరి నుంచి 135 పౌండ్ల లోపు పార్శిళ్లకు వ్యాట్, అంటే అక్కడి అమ్మకపు పన్ను, అమ్మేటప్పుడే వసూలు చేయాలి. సొంత వెబ్‌సైట్ అయితే ఆ నమోదు మనమే చేసుకోవాలి, పెద్ద అమ్మకాల సైటు ద్వారా అయితే ఆ సైటే చూసుకుంటుంది. కాబట్టి బ్రిటన్‌కు సైటు ద్వారా అమ్మండి, సొంత పేజీ నుంచి ఇప్పుడే వద్దు.

అమెరికా: మన మాటే నియమం, కానీ ఆ మాట కనబడాలి

చాలామంది అమెరికాలో ఏదైనా తిప్పి పంపేయొచ్చని చట్టం ఉందనుకుంటారు. ఆన్‌లైన్ కొనుగోళ్లకు దేశమంతటికీ అలాంటి చట్టం లేదు. పెద్ద అంగళ్లు తమంతట తాము ఇచ్చిన సౌకర్యం అలవాటైపోయింది, అంతే. మూడు రోజుల్లో రద్దు చేసుకునే నియమం ఒకటుంది కానీ అది ఇంటికొచ్చి అమ్మేవాళ్లకు. రాష్ట్రాలు మాత్రం నియమాన్ని కనబడేలా పెట్టమంటాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో అంగడి తన వాపసు నియమం ముందే చూపకపోతే కొన్నవాళ్లు 30 రోజుల్లోపు పూర్తి డబ్బు అడగవచ్చు. 'మనసు మారితే వాపసు లేదు' అని రాసిపెడితే అదే చెల్లుతుంది. రాయకపోతే మనకే నష్టం.

ఇంకో నియమం చేతిపని వాళ్లకు బాగా తగులుతుంది. ఎన్ని రోజుల్లో పంపుతామో చెప్పకపోతే 30 రోజుల్లోపు పంపాలి. కుదరకపోతే కొన్నవాళ్లను అడిగి ఒప్పించాలి, లేదా డబ్బు ఇచ్చేయాలి. మన దగ్గర నవంబర్, డిసెంబర్ వానలు పట్టుకుంటే బట్ట ఆరదు, రంగు నిలవదు. వదిన ఆ రెండు నెలలు కొత్త చీర మొదలుపెట్టదు. అందుకే అక్టోబర్ చివర్లోనే మా పేజీలో గడువును '45 రోజులు' అని మార్చేస్తాను.

అమెరికాలో ఇప్పుడు అసలు ఇబ్బంది సుంకం. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. మన తపాలా శాఖ కూడా ఆ ఆగస్టులో అమెరికా పార్శిళ్లు ఆపేసి, అక్టోబర్ 15 నుంచి సుంకం బుకింగ్‌లోనే వసూలు చేసే పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టింది. రేట్లు మారుతూ ఉంటాయి కాబట్టి పంపే రోజు కౌంటర్‌లో అడగండి. వాపసు లెక్కలో దీన్ని మర్చిపోవద్దు. చీర తిరిగొస్తే మనం అక్కడ కట్టిన సుంకం మనలాంటి చిన్నవాళ్ల చేతికి తిరిగిరావడం కష్టం. ఆ డబ్బు పోయిందనుకునే ధర కట్టాలి.

ఆస్ట్రేలియా: నచ్చకపోతే మన ఇష్టం, పాడైతే తప్పించుకోలేం

మనసు మారితే వాపసు ఇవ్వాలని అక్కడి చట్టం అడగదు. పెద్ద లోపం ఉంటే మాత్రం డబ్బా, వేరే వస్తువా అన్నది కొన్నవాళ్లే తేల్చుకుంటారు. 'వాపసు అస్సలు లేదు' అని రాయడమే అక్కడ చట్టవిరుద్ధం. విదేశీ కంపెనీలనూ వదల్లేదు. వీడియో గేమ్‌లు అమ్మే అమెరికా కంపెనీ వాల్వ్‌కు వాపసు హక్కుల గురించి తప్పు చెప్పినందుకు అక్కడి ఫెడరల్ కోర్టు 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. అమెరికా కోసం రాసిన వాక్యాన్ని ఆస్ట్రేలియా పేజీలో అతికించకండి. పన్ను విషయంలో చిన్నవాళ్లకు ఊరట ఉంది. ఆ దేశంలో ఏడాదికి 75,000 ఆస్ట్రేలియా డాలర్ల అమ్మకం దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు.

బట్టలకు ఆస్ట్రేలియా బాగుంటుంది. చెక్కకు కాదు. మాధవమాల బొమ్మలు అక్కడి జీవభద్రత తనిఖీలో ఆగిపోవచ్చు. పురుగు, బెరడు ఆనవాలు కనబడితే మందు పెట్టించడమో నాశనం చేయడమో జరుగుతుంది, ఆ నష్టం మీది. చెక్క పని వాళ్లు ఎండబెట్టి, శుద్ధి చేయించి, కాగితం తీసుకున్నాకే అటు చూడండి. ఎర్రచందనమైతే అనుమతి కాగితాలు లేకుండా ఏ దేశానికీ పంపే మాటే వద్దు.

నా వరుస ఇది

సొంత పేజీ నుంచి బట్టలు అమ్ముకునే ఇంటికి నేనైతే ముందు ఆస్ట్రేలియా, సుంకం లెక్క కుదిరితే తర్వాత అమెరికా అంటాను. మన తెలుగువాళ్లు రెండు చోట్లా ఉన్నారు, కలంకారీ అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పాల్సిన పని లేదు. బ్రిటన్ మూడోది, అదీ సైటు ద్వారా. యూరోపియన్ యూనియన్ చివర్న. అమ్మకాలు నిలదొక్కుకున్నాక వెళ్లండి, లేదా ఆర్డర్ మీద వేసిచ్చే పనికే పరిమితం చేసుకోండి.

ఆర్డర్ పనికి అక్కడ నిజమైన మినహాయింపు ఉంది. కొన్నవాళ్లు చెప్పిన ప్రకారం వాళ్ల కోసమే చేసిన వస్తువుకు 14 రోజుల వాపసు వర్తించదు. ఇంటి కొలతకు చేసి అమర్చే వంటగది ఆర్డర్ మీద నడిచిన కేసులో 2020లో యూరప్ న్యాయస్థానం ఇంకో మాట కూడా చెప్పింది. చేయడం మొదలుపెట్టకపోయినా ఆ మినహాయింపు వర్తిస్తుంది. అయితే దీన్ని అడ్డం పెట్టుకుని ప్రతి చీరనూ 'ఆర్డర్ మీద చేసింది' అనకండి. మన దగ్గరున్న నాలుగు రంగుల్లో ఒకటి ఎంచుకుంటే అది ఆర్డర్ పని కాదు. వాళ్ల ఇంటి గోడ కొలతకు, వాళ్లు అడిగిన కథతో వేసిన పటం అయితే అవును. వదిన అలాంటి పటం మొదలుపెట్టే ముందు పెన్సిల్ గీత ఫోటో పంపి, 'ఇలాగే వేయండి' అని జవాబు వచ్చాకే కరక్కాయ పాలల్లో బట్ట ముంచుతుంది. ఆ జవాబే మాకు ఆధారం.

తిరిగొచ్చే సరుకుకు దారి ఏది?

తిరుపతికే తెప్పించుకోవడం, అక్కడి బంధువుల చిరునామా ఇవ్వడం, అక్కడే గోదాములో పెట్టడం, లేదా వస్తువు వాళ్లనే ఉంచుకోమని డబ్బు ఇచ్చేయడం, ఇవీ దారులు. పెద్ద సైట్లలో అమెజాన్ అయితే విదేశీ అమ్మకందారుకు ఆ దేశంలో వాపసు చిరునామా ఇవ్వమంటుంది, లేదా ముందే డబ్బు కట్టిన తిరుగు లేబుల్, అదీ లేకపోతే సరుకు తిరిగి రాకుండానే పూర్తి డబ్బు.

నేను పెట్టుకున్న గీత ఇది. వస్తువు ధర ఒకవైపు పార్శిల్ ఖర్చుకు రెండింతలు కూడా లేకపోతే వెనక్కి అడగను. లోపం నిజమైతే పూర్తి డబ్బు ఇచ్చి ఉంచుకోమంటాను. చిన్న మరకో, రంగు తేడానో అయితే కొంత తగ్గిస్తే సరిపోతుందా అని అడుగుతాను. వాళ్లు కాదంటే బలవంతపెట్టను, అది వాళ్ల హక్కు. పది పన్నెండు వేల పట్టు కలంకారీ అయితే మాత్రం తెప్పించుకుంటాను.

బంధువుల చిరునామా మంచి దారే, కానీ ముందు వాళ్లతో మాట్లాడుకోండి. మా పెద్దమ్మ కొడుకు మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. వచ్చిన పార్శిల్ విప్పి, నాలుగు అంచులూ ఫోటో తీసి పంపాలి, తర్వాత ఆర్డర్ వచ్చేదాకా దాచాలి. "అన్నా, ఏడాదికి మూడు నాలుగైతే ఫర్వాలేదు, అంతకు మించితే నా వల్ల కాదు" అని మొదటే చెప్పాడు. అలా చెప్పినందుకు నాకు సంతోషమే. గోదాము ఖర్చు నెలనెలా పడుతుంది, ఒక్కో చీర వేరుగా ఉండే మనకు అది పనికిరాదు.

తిరుపతికి తెప్పించుకునేవాళ్లకు కాగితాలే ప్రాణం. ఎగుమతిదారు కోడ్ తీసుకుని, తపాలా ఎగుమతి బిల్లుతో పంపండి. డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం, అంటే ఎగుమతులకు సాయం చేసే తపాలా కేంద్రం, మీకు దగ్గర్లో ఏ పోస్టాఫీసులో ఉందో అడిగితే వాళ్లే దగ్గరుండి నింపిస్తారు. అలా పంపిన సరుకు మూడేళ్లలోపు తిరిగొచ్చి, అదే సరుకని చూపగలిగితే దిగుమతి సుంకం మినహాయింపు అడగవచ్చు. ఎగుమతి మీద తీసుకున్న పన్ను ప్రయోజనం మాత్రం వెనక్కి కట్టాలి. అదే సరుకని చూపడం ఎలా? మేము ఇప్పుడు ప్రతి బట్ట అంచు మూల మీద చిన్న నంబరు కుట్టిస్తున్నాం. పంపే ముందు ఆ నంబరు కనబడేలా ఒక ఫోటో, మొత్తం బట్ట పరిచి ఇంకో ఫోటో. తిప్పి పంపేవాళ్లను పార్శిల్ మీద 'తిరిగి పంపుతున్న సరుకు' అని, మా బిల్లు నంబరుతో సహా రాయమంటాం.

అన్నిటికన్నా చౌకైన దారి వాపసే రాకుండా చూసుకోవడం. మాకు వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ రంగు మీదే. మొదట్లో రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఫోటోలు తీసేవాణ్ణి, ఎరుపు గులాబీలా, నలుపు నీలంలా పడేది. ఇప్పుడు పొద్దున పది గంటలకు, మేడ మీద నీడలో, పక్కన తెల్ల కాగితం పెట్టి తీస్తున్నాను. కొత్త బట్టకు పాలు, కరక్కాయ వాసన ఉంటుందనీ, రెండు ఉతుకులకు పోతుందనీ రాస్తున్నాను.

ఇంకా మొదలుపెట్టనివాళ్లు ఈ మాటలను మీ పేజీలో, కొనే బటన్‌కు పైన, ఆ దేశం వాళ్లకు అర్థమయ్యే భాషలో పెట్టుకోండి. యూరప్, బ్రిటన్‌లకు ఇలా: "వస్తువు అందిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వద్దనవచ్చు. వాడకుండా, ఉతకకుండా తిప్పి పంపాలి. తిప్పి పంపే ఖర్చు కొన్నవారిది. మీరు చెప్పిన ప్రకారం మీ కోసమే వేసిన పటాలకు ఇది వర్తించదు." ఆస్ట్రేలియాకు ఇలా: "మనసు మారితే వాపసు లేదు. లోపం ఉంటే మీ చట్టం ఇచ్చిన హక్కులన్నీ ఉంటాయి." అమెరికాకు ఇలా: "మనసు మారితే వాపసు లేదు. చిరిగినా, చెప్పినదానికి తేడా ఉన్నా ఏడు రోజుల్లో ఫోటోతో రాయండి. ఆర్డర్ ఇచ్చిన 45 రోజుల్లోపు పంపుతాం." యూరప్, బ్రిటన్‌లకు ఈ మాటలు ఆర్డర్ మెయిల్‌లో కూడా వెళ్లాలి, దాంతో పాటు వద్దనుకున్నప్పుడు నింపే చిన్న ఫారం ఒకటి జతచేయాలి.